ఆమెకు పని వచ్చు

మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. రెండేళ్ల కిందట ఆర్నెల్లు ఉండి పోదామని అమెరికాలోని బఫలోలో మా ఇంటికి వచ్చింది. వచ్చిన రెండో వారం నుంచే మంచు. గుమ్మం దాటితే కాలు జారుతుందని భయం. పొద్దున వెళ్తే మేమిద్దరం సాయంత్రానికి గానీ ఇల్లు చేరం. తెలుగు సీరియళ్లు వచ్చే ఏర్పాటు చేసి పెట్టినా నాలుగు రోజులకే విసుగొచ్చి, రిమోట్‌తో ఒక్కో చానెలూ తిప్పుకుంటూ కూర్చునేది. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి టీవీలో నలుపు తెలుపు బొమ్మ ఆడుతోంది. తెల్ల టోపీలు పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు కదిలే బెల్టు ముందు నిలబడి చాక్లెట్లకు కాగితాలు చుడుతున్నారు. అమ్మ సోఫా అంచుకు జరిగి, కళ్లార్పకుండా వాళ్ల చేతులే చూస్తోంది.

అది 'ఐ లవ్ లూసీ' అనే పాత అమెరికన్ టీవీ హాస్య సీరియల్. 1952 సెప్టెంబరు 15న మొదటిసారి వచ్చిన ఎపిసోడ్. కాగితం చుట్టకుండా ఒక్క చాక్లెట్ పక్క గదిలోకి పోయినా ఉద్యోగం ఊడుతుందని సూపర్‌వైజరు బెదిరించి వెళ్తుంది. మొదట బెల్టు నెమ్మదిగానే వస్తుంది. లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ చకచకా చుట్టేస్తుంటారు. ఇదేముందిలే అనుకునేలోపు బెల్టు జోరందుకుంటుంది. చేతులకు అందనివి నోట్లో కుక్కుకుంటారు, జాకెట్లలో దోపుకుంటారు, టోపీల్లో పోసుకుంటారు. సూపర్‌వైజరు తిరిగొచ్చి చూస్తే బెల్టు ఖాళీ. భలే చేస్తున్నారు అనుకుని, ఇంకా జోరుగా తిప్పమని లోపలికి కేక వేస్తుంది.

నేను గట్టిగా నవ్వాను. అమ్మ నవ్వలేదు. సన్నివేశం అయిపోయాక నా వైపు తిరిగి అంది: "గామెకు పని ఒచ్చు బిడ్డా. పని రానామె గట్ల ఆగం చెయ్యలేదు."

ఆ తర్వాత నవ్వింది.

మా అమ్మ జగిత్యాల దగ్గర ఒక పల్లెలో ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన నానబెట్టిన తునికాకు, కత్తెర, దారం. రోజుకు వెయ్యి బీడీలు. ఆకు కత్తిరించడం, తంబాకు పరచడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం అన్నీ కలిపి ఒక్క కదలికలా ఉండేవి. మాట్లాడుతూనే చుట్టేది, నన్ను తిడుతూనే చుట్టేది, నిద్రలో కూడా బొటనవేలూ చూపుడువేలూ కదిలేవి. సాయంత్రం గంప పట్టుకుని కార్ఖానాకు పోతే అక్కడ ఏరేవాడు ఒక కట్ట విప్పి చూసి, బాగాలేవని ఇన్ని పక్కన పడేసేవాడు. పడేసిన వాటికి పైసలుండవు. అలాంటి మనిషి అన్న మాట కాబట్టి నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

ఆ మాట పట్టుకుని నేను, లూసీ వేషం వేసిన లుసీల్ బాల్ గురించి దొరికిందల్లా చదివాను, చూశాను. చదివేకొద్దీ ఒక విషయం నన్ను బాధపెట్టింది. ఆమె గురించి ఎవరు రాసినా మొదటి వాక్యంలోనో రెండో వాక్యంలోనో 'పుట్టుకతోనే హాస్యనటి' అనేస్తారు. ఏడిపించే నటిని ఎంత సాధన చేసిందో అంటారు. అందంగా కనిపించే నటిని ఎంత శ్రద్ధో అంటారు. నవ్వించే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి 'ఆవిడ తీరే అంత' అని తేల్చేస్తారు. అది పొగడ్తలా వినిపిస్తుంది. నిజానికి అది ఆమె కూలి ఎగ్గొట్టడం. లుసీల్ బాల్ నవ్వించడం ఇరవై ఏళ్లకు పైగా కూలికి పోయి నేర్చుకుంది. ఆ లెక్క రాయాలనే ఈ వ్యాసం.

ఆమె 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టింది. మా ఇంటి నుంచి కారులో గంటన్నర దూరం. తండ్రి టెలిఫోన్ లైన్లు వేసే పనివాడు. 1915లో టైఫాయిడ్‌తో పోయాడు. అప్పటికి ఈమెకు నాలుగేళ్లు కూడా నిండలేదు, తల్లి మళ్లీ గర్భంతో ఉంది. జేమ్స్‌టౌన్ పక్కనే చెరువు ఒడ్డున సెలొరాన్ అనే ఊళ్లో అమ్మమ్మ తాతల ఇంట్లో పెరిగింది. తాత ఫ్రెడ్ హంట్‌కు నాటకాలన్నా, పాటా ఆటా కలిపి ఆడే వాడవిల్ ప్రదర్శనలన్నా ప్రాణం, పిల్లల్ని వెంటేసుకుని పోయేవాడు. 1927లో ఆ ఇంటి పెరట్లో తుపాకీ గురి నేర్చుకుంటున్న పిల్లల మధ్యకు పక్కింటి అబ్బాయి అడ్డంగా వచ్చి తూటా తగిలింది, నడుము కింద చచ్చుబడిపోయింది. కోర్టు కేసులో తాత ఉన్నదంతా పోగొట్టుకున్నాడు, ఇల్లు కూడా. ఆ ఇంటి నుంచి వచ్చిన పిల్లకు పని దొరికితే వదలకూడదన్నది ఎవరూ నేర్పనవసరం లేదు.

అంతకు ముందే, పదిహేనేళ్ల వయసులో, తల్లి ఆమెను న్యూయార్క్‌లో ఒక నాటక పాఠశాలలో చేర్పించింది. తర్వాత పెద్ద సినిమా నటి అయిన బెట్టీ డేవిస్ అప్పుడు అదే బడిలో చదువుతోంది, అందరి కళ్లూ ఆమె మీదే. లూసీ బిడియంతో నోరు విప్పేది కాదు. కొన్ని వారాలకు బడి వాళ్లు తల్లికి చెప్పింది ఏమిటంటే, ఈ అమ్మాయి మీద డబ్బు పెట్టడం దండగ అని. పుట్టుకతో హాస్యనటి అనేవాళ్లు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి. నటన నేర్పడమే వృత్తిగా ఉన్నవాళ్లు రోజూ ఎదురుగా చూసి కూడా ఆ పిల్లలో ఏమీ కనిపెట్టలేకపోయారు. వాళ్ల కళ్లు మంచివి కావని కాదు. కనిపించడానికి అప్పటికి అక్కడేమీ లేదు.

తర్వాత హ్యాటీ కార్నెగీ బట్టల దుకాణంలో మోడల్ పని. కీళ్ల జబ్బు వచ్చి మంచానపడి, చాలాకాలానికి గానీ మళ్లీ నడవలేకపోయానని ఆమే చెప్పుకుంది. 1933లో 'రోమన్ స్కాండల్స్' అనే సినిమాలో గుంపులో నిలబడే అమ్మాయిగా హాలీవుడ్ చేరింది. అక్కడి నుంచి ఆర్‌కేఓ స్టూడియోలో చిన్న జీతానికి చిన్న వేషాలు. 1937లో 'స్టేజ్ డోర్'లో కాస్త చెప్పుకోదగ్గ పాత్ర. ఆ తర్వాత ఎన్ని సినిమాలు చేసినా రెండో తరగతి సినిమాలే. వాటిని బి సినిమాలనేవారు, ఈమెను ఆ బి సినిమాల రాణి అనేవారు. 1942లో ఎంజీఎం స్టూడియోకు మారింది, జుట్టుకు ఎర్రరంగు వేశారు. ఆ ఎరుపు తర్వాత లోకమంతా ఆమె గుర్తుగా మిగిలింది గానీ, ఎంజీఎంకు ఆమెతో ఏం చేయాలో తెలియలేదు.

ఆమెకు మాత్రం అక్కడ ఒక గురువు దొరికాడు. మూకీ సినిమాల కాలంలో చాప్లిన్ పక్కన పేరు చెప్పుకోదగ్గ బస్టర్ కీటన్, అప్పటికి అన్నీ పోగొట్టుకుని అదే స్టూడియోలో ఇతరుల సినిమాలకు హాస్య సన్నివేశాలు కూర్చిపెట్టే చిన్న ఉద్యోగంలో ఉన్నాడు. పెద్దవాళ్లెవరూ పట్టించుకోని ఈ ఇద్దరూ, దర్శకుడు ఎడ్వర్డ్ సెడ్జ్‌విక్‌తో కలిసి ఒక గదిలో కూర్చునేవారు. కీటన్ ఆమెకు నేర్పింది మాటలు కాదు, వస్తువులు. సీన్‌లో వాడే కుర్చీ, సీసా, గొడుగు ఏదైనా సరే ముందే చేత్తో పట్టి చూసుకోవాలి, బరువు తెలియాలి, ఎక్కడ జారుతుందో తెలియాలి, ఆ పని ఇంకొకరికి వదలకూడదు. జీవితాంతం ఆమె ఈ పాఠం వదల్లేదు. చివరి రోజుల్లో కూడా సెట్‌కు వచ్చి ముందుగా చూసుకునేది వస్తువులనే.

మా అమ్మ కూడా కత్తెరను ఇంకొకరికి ఇచ్చేది కాదు.

రేడియో ఇంకో బడి. 1948లో సీబీఎస్ అనే ప్రసార కంపెనీ రేడియోలో 'మై ఫేవరిట్ హజ్బండ్' అనే హాస్య షో మొదలైంది. అక్కడే ఆమెకు జెస్ ఓపెన్‌హైమర్, మాడెలిన్ ప్యూ, బాబ్ కారోల్ అనే ముగ్గురు రచయితలు దొరికారు. మొదట్లో ఆమె మైకు ముందు కాగితం చూసి చక్కగా చదివేది, అంతే. ఓపెన్‌హైమర్ ఆమెను హాస్యనటుడు జాక్ బెన్నీ షో చూసి రమ్మని పంపాడు. బెన్నీ మాటకు కాదు, మాట తర్వాత ఊరుకోవడానికి నవ్వు వస్తుంది. అది చూసి వచ్చాక ఆమె ఎదురుగా కూర్చున్న జనంతో ఆడుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏడేళ్లు. ఆ వయసుకు హాలీవుడ్‌లో ఆడవాళ్లను తల్లి వేషాలకు పంపించేసేవారు.

1950లో సీబీఎస్ ఆ రేడియో షోను టీవీకి తెద్దామంది. ఆమె ఒక షరతు పెట్టింది: భర్త వేషం నా భర్తే వేయాలి. డెసీ ఆర్నాజ్ క్యూబా నుంచి వచ్చిన బ్యాండ్ మాస్టారు, ఆమె కంటే ఆరేళ్లు చిన్న, 1940లో పెళ్లి. యాసతో ఇంగ్లిష్ మాట్లాడే క్యూబా మనిషిని అమెరికా అమ్మాయి మొగుడిగా జనం ఒప్పుకోరని కంపెనీవాళ్లు అన్నారు. సరే, జనాన్నే అడుగుదామని ఇద్దరూ ఆ వేసవిలో ఊరూరా తిరిగి స్టేజీ మీద ప్రదర్శనలిచ్చారు. దానికోసం పెపీతో అనే స్పెయిన్ క్లౌన్ దగ్గర ఆమె కొత్త పాఠం నేర్చుకుంది. పెద్ద కోటు వేసుకుని, ఎక్కడెక్కడి వస్తువులో బయటికి తీసే సెల్లో వాయిద్యం ఆట అది. నలభైకి దగ్గరపడిన సినిమా నటి సర్కస్ క్లౌన్ దగ్గర కూర్చుని మొదటి నుంచి నేర్చుకోవడం నాకు ఈ కథ మొత్తంలో చాలా ఇష్టమైన చోటు. ఊళ్లలో జనం నవ్వారు. కంపెనీ తగ్గింది.

'ఐ లవ్ లూసీ' 1951 అక్టోబరు 15న మొదలైంది. ఇక్కడ జరిగిన ఒక బేరం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాతి డెబ్బై ఏళ్ల టీవీ దాని మీదే నడిచింది. అప్పట్లో షోలు న్యూయార్క్‌లో లైవ్‌గా జరిగేవి. దేశం రెండో వైపుకు పంపాలంటే టీవీ తెరనే కెమెరాతో పట్టి ఆ మసక ఫిల్మ్ పంపేవారు. సిగరెట్ కంపెనీ ఫిలిప్ మోరిస్ స్పాన్సరు, వాళ్లు న్యూయార్క్ రమ్మన్నారు. లూసీ, డెసీ హాలీవుడ్ వదిలేది లేదన్నారు. అయితే సినిమాలా ఫిల్మ్ మీద తీద్దాం, కానీ ఎదురుగా జనం కూర్చుని ఉండాలి అన్నారు. మూడు కెమెరాలు ఒకేసారి తిప్పి, నాటకంలా మొదటి నుంచి చివరి దాకా ఆడించే పద్ధతి కుదిర్చారు. జర్మనీలో 'మెట్రోపొలిస్' అనే మూకీ సినిమాకు కెమెరా పట్టిన కార్ల్ ఫ్రాయిండ్ ఆ లైటింగ్ కూర్చాడు. ఖర్చు పెరిగింది. ఆ ఖర్చుకు బదులుగా లూసీ దంపతులు వారానికి 1,000 డాలర్లు జీతం తగ్గించుకున్నారు, తీసిన ఫిల్మ్ మా సొంతం అని రాయించుకున్నారు. ఒకసారి ప్రసారమయ్యాక ఆ రీళ్లకు విలువ ఉంటుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

వారమంతా పని ఎలా ఉండేదో చూడండి. మొదట అందరూ కూర్చుని స్క్రిప్టు చదువుకోవడం, తర్వాత రోజుల తరబడి రిహార్సల్, చివర జనం ముందు షూటింగ్. స్క్రిప్టులో ఆమె శరీరంతో చేయాల్సిన ప్రతి పనీ పెద్ద అక్షరాల్లో టైపు చేసి ఉండేది, చూడగానే పేజీ నల్లగా కనపడేది. ఆ నల్ల భాగం రాసేవాళ్లలో మాడెలిన్ ప్యూ, ఆడమనిషి చేయగలదో లేదో తేల్చుకోవడానికి ఆఫీసులో తనే ముందు చేసి చూసేది. తెర మీద లూసీ కిందపడకముందే మాడెలిన్ ఒకసారి పడి లేచి ఉండేది. ఒక హాస్యం వెనక ఇద్దరు ఆడవాళ్ల ఒళ్లు నొప్పులున్నాయి.

1955లో హాస్యనటుడు హార్పో మార్క్స్ అతిథిగా వచ్చిన ఎపిసోడ్‌లో, లూసీ అతని వేషం వేసుకుని అద్దంలో నీడలా అతనికి ఎదురుగా నిలబడి, అతను ఏం చేస్తే అది చేస్తుంది. హార్పో 1933లోనే తన అన్నదమ్ములతో సినిమాలో అలాంటి అద్దం ఆట ఆడినవాడు, అప్పటికప్పుడు తోచినట్టు చేయడం అతని అలవాటు. ఆమె ఒప్పుకోలేదు. మళ్లీ, మళ్లీ, మళ్లీ రిహార్సల్. తెర మీద చూస్తే ఆ ఇద్దరూ అప్పుడే తోచినట్టు ఆడుకుంటున్నారనిపిస్తుంది. ఆ అనిపించడం కోసమే అన్నిసార్లు చేయించింది.

అయితే నన్ను అడిగితే ఆమె పనితనం మొత్తం ఒక్కచోట చూడాలంటే 1952 మే 5 నాటి ఎపిసోడ్ చూడాలి. టీవీ ప్రకటనలో ఒక టానిక్ అమ్మాలి. దాని పేరే నాలిక తిరగని పేరు: వైటామీటావెజామిన్. విటమిన్లు, మాంసం, కూరగాయలు, ఖనిజాలు అన్నీ కలిపి ఒక్క ముక్కగా అతికించిన మాట. ఆ టానిక్‌లో నూటికి ఇరవై మూడు పాళ్లు సారాయి ఉందని ఆమెకు తెలియదు. రిహార్సల్ చేసిన ప్రతిసారీ ఒక చెంచా తాగాలి. మొదటి చెంచాకు రుచి భరించలేక ముఖం ముడుచుకుపోతుంది, కానీ ప్రకటన కదా, ఆ ముడుచుకున్న ముఖంతోనే నవ్వు తెప్పించుకోవాలి. ఒకే ముఖంలో పై సగం అసహ్యం, కింది సగం చిరునవ్వు. మూడో చెంచాకు రుచి నచ్చుతుంది. నాలుగోసారికి నాలిక మందగిస్తుంది. ఆ తర్వాత ఒక్కో అక్షరం తన చోటు వదిలి పక్క అక్షరం మీద పడడం మొదలవుతుంది.

తాగినట్టు నటించడం సులువు, అందరూ తూలుతారు. ఆమె వెంటనే తూలదు. ముందు కళ్లలో ఒక రెప్పపాటు ఆలస్యం వస్తుంది. తర్వాత చెంచాలో పోసేది చెంచా పక్కన పడుతుంది, అది ఆమె గమనించదు. ఏ విడతలో ఎంత మత్తు అన్నది కొలిచి పోసినట్టు ఉంటుంది. నాలిక తిరగని ఆ వాక్యాన్ని ముందు తప్పులేకుండా కంఠతా పట్టి, తర్వాత దాన్ని ఒక్కో గింజా వలిచినట్టు విడదీయాలి. మా అమ్మ అన్న మాట నాకు పూర్తిగా అర్థమైంది ఇక్కడే. బీడీ చుట్టడం రానివాళ్లు చుడితే విడిపోతుంది, అంతే. సరిగ్గా మూడో మడత దగ్గరే విడిపోయేలా చుట్టాలంటే ముందు పదివేలు సరిగ్గా చుట్టి ఉండాలి.

చాక్లెట్ల ఎపిసోడ్‌లో ఇంకొక సంగతి ఉంది. లూసీ పక్కన కూర్చుని చాక్లెట్లు ముంచే ఆవిడ నటి కాదు, నిజంగానే ఆ పనిలో ఉన్న మనిషి. ఆమె ముఖంలో ఏ భావమూ ఉండదు, చేతులు మాత్రం ఆగవు. ఆ చేతుల్ని చూస్తూ లూసీ అనుకరిస్తుంది, చెడగొడుతుంది. అది చూపించి చెబితే అమ్మ, "నేను ముందే అనుకున్న" అంది.

అదే 1952లో ఆమె మళ్లీ గర్భవతి అయింది. అప్పట్లో టీవీలో మొగుడూ పెళ్లాలను ఒకే మంచం మీద చూపించడమే కష్టం. కడుపుతో ఉన్న నటిని ఇంట్లో కూర్చోబెట్టడమో, బల్ల వెనక దాచడమో చేసేవారు. వీళ్లు దాన్ని కథలోకే తెచ్చారు. గర్భం అనే మాట వాడడానికి మాత్రం సీబీఎస్ ఒప్పుకోలేదు. స్క్రిప్టులను ఒక క్యాథలిక్ ఫాదర్, ఒక ప్రొటెస్టెంటు పాస్టర్, ఒక యూదు గురువు చదివి సరేనన్నాకే తీశారు. 1953 జనవరి 19న తెర మీద లూసీకి కొడుకు పుట్టాడు. అదే రోజు ఆసుపత్రిలో ఆపరేషన్‌తో నిజంగానే కొడుకు పుట్టాడు. దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది ఆ రాత్రి చూశారు. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తే చూసినవాళ్లు అంతకంటే బాగా తక్కువ. ఒక ఆడమనిషి పెరిగిన పొట్టతో జనం ముందుకొచ్చి నవ్వించడం అప్పటిదాకా ఆ తెర మీద దాదాపు జరగని పని. నా ఇద్దరు పిల్లల్నీ తొమ్మిదో నెల దాకా ఆఫీసుకు పోతూ కన్నాను, ఆ పొట్టను ఎవరూ చూడకూడదన్నట్టు వదులు బట్టల్లో దాచుకుంటూ. ఆ ఎపిసోడ్లు చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

ఆ 1953లోనే ఆమె మీద కమ్యూనిస్టు అన్న ముద్ర పడింది. 1936లో కార్మికుల పక్షాన నిలబడే తాత ఫ్రెడ్ కోరిక మీద ఆమె కమ్యూనిస్టు ఓటరుగా పేరు రాయించుకుంది. ఎందరో నటుల బతుకులు అలాంటి ఒక్క కాగితంతో పోయాయి. ఈమె విచారణ సంఘానికి ఉన్నది ఉన్నట్టు చెప్పి బయటపడింది. జనం ఆమెను వదులుకోలేదు.

ఇప్పుడు నాకు ఎదురయ్యే వాదన. నా స్నేహితురాలొకామె, ఆడవాళ్ల సమస్యల మీద బాగా చదివిన మనిషి, ఇదంతా విని అంది: ఆ షోలో ప్రతివారం జరిగేదేమిటి? ఇంట్లో ఉండలేక బయట పనిచేయాలనుకున్న భార్య అభాసుపాలై, మొగుడికి క్షమాపణ చెప్పి, మళ్లీ వంటింట్లోకి పోవడమే కదా. అది కాదనలేను. కొన్ని ఎపిసోడ్లలో రికీ, అంటే డెసీ వేసిన మొగుడి పాత్ర, ఆమెను మోకాళ్ల మీద పడుకోబెట్టుకుని చిన్నపిల్లను కొట్టినట్టు కొడతాడు. అవి నేను చూడలేను, మా అమ్మాయికి చూపించను. కానీ కథ చివర ఏమైందన్నది ఒక్కటే చూస్తే మా అమ్మ బతుకులో కూడా ఏమీ లేదు. ముప్ఫై ఏళ్లు చుట్టింది, నడుము పోయింది, చివరికి వచ్చిన పెన్షను చేతి ఖర్చులకు సరిపోదు. అయినా ఆమె చేతుల్లో ఉన్నది నేను చూశాను. లూసీ ప్రతి కథలో ఓడిపోతుంది. ఓడిపోవడానికి ముందున్న ఇరవై నిమిషాలూ మాత్రం ఆ తెర ఆమెది. ఆమె పనికి పోతుంది, అబద్ధాలాడుతుంది, కిటికీలోంచి దూరుతుంది, ద్రాక్షపళ్ల తొట్టిలో పక్క ఆవిడతో కలబడుతుంది, మర్నాడు మళ్లీ మొదలుపెడుతుంది. రాసినవాళ్లు ఆమెకు ముగింపులు ఇవ్వలేదు. మధ్యభాగమంతా ఆమె తీసుకుంది.

డెసీకి దక్కాల్సింది డెసీకి దక్కాలి. వ్యాపారం బుర్ర అతనిదే. మూడు కెమెరాల పద్ధతి కోసం పోరాడింది, ఇద్దరి పేర్లు కలిపి పెట్టుకున్న డెసీలూ కంపెనీని పెంచింది అతనే. 1957లో ఆర్‌కేఓ స్టూడియోను 60 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. ఆమె ఒకప్పుడు గుంపులో నిలబడి చిన్న జీతం తీసుకున్న ఆ స్టూడియోనే. కానీ ఇంట్లో అతని తాగుడు, ఇతర ఆడవాళ్లతో సంబంధాలు ఆగలేదు. 1960 మార్చి 2న ఇద్దరూ కలిసి చివరి ఎపిసోడ్ తీశారు. మర్నాడు ఆమె విడాకులకు కాగితాలు పెట్టింది. 1962లో డెసీ వాటా కూడా కొని ఆమె ఆ స్టూడియోకు అధిపతి అయింది. అంత పెద్ద స్టూడియోను ఒక ఆడమనిషి నడపడం అదే మొదలు. 'స్టార్ ట్రెక్', 'మిషన్ ఇంపాజిబుల్' టీవీ సీరియళ్లు వచ్చింది అక్కడి నుంచే. ఖర్చు భరించలేమని కంపెనీలో పెద్దలు వెనక్కి లాగినా 'స్టార్ ట్రెక్'కు ఆమె అండగా నిలబడింది. అధిపతి కుర్చీ ఆమెకు ఇష్టమైన చోటు కాదు, ఆమెకు సెట్టే ఇష్టం. 1967లో 1 కోటి 70 లక్షల డాలర్లకు అమ్మేసింది.

తర్వాతి షోలు రెండూ కలిపి 1974 దాకా బాగానే నడిచాయి. 1986లో, 75 ఏళ్ల వయసులో, ఆమె మళ్లీ ఒక కొత్త షోతో వచ్చింది. ఎనిమిది ఎపిసోడ్లు ప్రసారమయ్యాక ఆపేశారు. నేను వాటిలో కొన్ని చూశాను. ఆమెకు పని మరుపు రాలేదు, టైమింగ్ అలాగే ఉంది. మారింది మనమే. ఆ వయసు మనిషి నిచ్చెన ఎక్కుతుంటే నవ్వు రాదు, పడుతుందేమోనని గుండె గుబేలుమంటుంది. ఆ దెబ్బ ఆమెకు గట్టిగా తగిలింది. అదే ఏడాది డిసెంబరులో డెసీ పోయాడు. 1989 ఏప్రిల్ 26న, గుండె ఆపరేషన్ అయిన కొద్ది రోజులకు, ఆమె పోయింది.

ఏప్రిల్‌లో మంచు కరిగాక, అమ్మ తిరిగి వెళ్లేలోపు, ఒక శనివారం ఆమెను జేమ్స్‌టౌన్ తీసుకెళ్లాను. ముందు సెలొరాన్‌లో చెరువు ఒడ్డున ఆగాం. అక్కడి పార్కులో లూసీ కంచు విగ్రహాలు రెండున్నాయి. 2009లో పెట్టిన మొదటిదాని ముఖం ఆమెలా లేదని, చూస్తే భయమేస్తోందని జనం గొడవ చేస్తే, 2016లో ఆమె పుట్టినరోజున ఇంకొకటి పెట్టారు. పాతదాన్ని తీసేయలేదు, అదే పార్కులో కాస్త పక్కకు జరిపారు. ఆ పాత విగ్రహం ఒక చేత్తో టానిక్ సీసా, ఇంకో చేత్తో చెంచా పట్టుకుని నిలబడి ఉంటుంది. అమ్మ కొత్తదాని దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. పాతదాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అంది: "మొకం ఎట్లున్నా, చెంచ పట్టిన చెయ్యి మంచిగనే చేసిండ్రు."

ఇంటికి వస్తుంటే దారిలో అడిగింది, ఆ టీవీలోది అంతా చేసినందుకు ఆమెకు పైసలు సక్కగా ఇచ్చిండ్రా అని. నేను ఆ బేరం సంగతి చెప్పాను. వారానికి వెయ్యి డాలర్లు తక్కువ తీసుకుని రీళ్లు తమ పేరు మీద పెట్టుకున్నారని, ఆ రీళ్లనే మళ్లీ మళ్లీ వేయడం వల్లే నువ్వు ఇన్నేళ్ల తర్వాత చూడగలిగావని. అమ్మ కిటికీలోంచి బయటకు చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చేతులు ఒళ్లో ఉన్నాయి. బొటనవేలు చూపుడువేలు మీద తిరుగుతోంది.

"రీళ్లు ఆమె పేర్నే ఉన్నయా ఇప్పుడు?"

"లేవమ్మా. తర్వాత సీబీఎస్‌కే అమ్మేశారు."

"అయ్యో. ఎందుకమ్ముకున్నరు?"

"స్టూడియో కొనడానికి."

తల ఊపింది. ఇల్లు చేరాక, కోటు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని, ఆ చాక్లెట్లది ఇంకోసారి పెట్టమంది.